చూపును కొలిచిన గ్రామములు

గోదావరి డెల్టావాసులకు కొలతయొక్క విలువను ప్రత్యేకముగ బోధింప నక్కరలేదు. వరద దినములలో ధవళేశ్వరము కడ నీటిమట్టము 11.75 అడుగులు చేరినచో మొదటి హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది. లంకలలోనివారు మబ్బును చూచి కాక ఆ అంకెను వినియే పశువులను మెరకకు తోలుకొందురు. ఎగువను భద్రాచలము కడ కొలిచిన మట్టమునుబట్టి దిగువకు ఎంత నీరు రానున్నదో ఇంజనీరులు ముందుగ చెప్పుదురు. నీరు వచ్చిన పిమ్మట తాము చెప్పినది సరియో కాదో చూచుకొందురు. ఈ చివరి పని జరుగనిచో మొదటి రెండును జోస్యముతో సమానము.

కంటి విషయమున ఈ చివరి పని ఎట్లు ఆరంభమైనదో, దానిలో గోదావరి గ్రామముల పాత్ర యేమో శ్రోతలకు మనవిచేయుట ఈ ప్రసంగము ఉద్దేశము. మన యిండ్లలో చూపునకు కొలతలు లేకపోలేదు. సూదిలో దారము ఎక్కినదా, బియ్యములో రాయి కనబడినదా, వీధి అరుగు మీదినుండి పోవు మనిషిని పోలిక పట్టగలిగిరా, లేక గొంతు వినిన పిమ్మటనే ఆనవాలు పట్టిరా — ఇవియే ఆ కొలతలు. అవి చాలని నాడు రెండు ప్రశ్నలు పుట్టును. శుక్లము ముదిరినదా? శస్త్రము చేయించినచో చూపు వచ్చునా? మొదటి ప్రశ్నకు కాలము చెల్లినది. నేటి పద్ధతులలో శుక్లము పూర్తిగ ముదురువరకు వేచియుండ నవసరము లేదు. మిక్కిలి ముదరనిచ్చుట వలన కష్టమే అధికము. రెండవ ప్రశ్న మాత్రము మిక్కిలి పాతది, ఇప్పటికిని తీరనిది.

ఆ ప్రశ్నకు మన దేశమున వ్రాతలో దొరకు తొలి సమాధానము సుశ్రుత సంహితలో కలదు. ఆ గ్రంథము కాలమును గూర్చి పండితులలో వాదములున్నవి. వానితో మనకు పనిలేదు. ఉత్తరతంత్రము పదునేడవ అధ్యాయమున కఫజమగు లింగనాశమునకు శలాకతో చేయవలసిన శస్త్రము వర్ణింపబడినది. యవగింజ మొనవంటి మొన గల శలాక, రోగి తన ముక్కును తానే చూచుకొనుచుండుట, సరియైన చోట గ్రుచ్చినప్పుడు నీటిబొట్టు వెడలుట, రూపములు కనబడగానే శలాకను మెల్లగ వెనుకకు తీయుట, నేతితో కట్టు కట్టుట, వెల్లకిల పరుండి తుమ్ము, దగ్గు, త్రేనుపు రాకుండ కాపాడుకొనుట — ఇవన్నియు అందున్నవి. అయినను మాకు వీనికంటె ముఖ్యముగ తోచినది శస్త్రమునకు ముందు చేయవలెనని చెప్పిన వడపోత. కనుపాపలోని దోషము అర్ధచంద్రునివలెనో, చెమటబొట్టువలెనో, ముత్యమువలెనో కనబడినను, మధ్యను పలుచబడి యున్నను, చారలు గలిగి యున్నను, నొప్పితోనో ఎఱుపుతోనో కూడియున్నను ఆ కంటిని ముట్టరాదని ఆ గ్రంథము శాసించినది. ఏ కన్ను బాగుపడును, ఏది పడదు అను విషయమును శలాక ఎత్తకముందే తేల్చుకొనుమని దాని భావము. ఫలితమును ముందుగ ఊహించుట అనగా ఇదియే. కాని ఎందరికి చేసిరి, సంవత్సరము గడచిన పిమ్మట వారిలో ఎందరు చూచుచుండిరి అను లెక్క మాత్రము మనకు మిగులలేదు.

లెక్క లేకపోవుట ఎంతటి అనర్థమో ఆ శస్త్రముయొక్క తరువాతి చరిత్ర చూపినది. శలాకతో చేయు పనిలో మసకబారిన కటకమును బయటికి తీయరు. కంటి లోపలికే వెనుకకు త్రోయుదురు. త్రోవకు అడ్డము తొలగినది గనుక వెలుతురు తక్షణము లోపలికి వచ్చును. అంతవరకు చీకటిలో నున్న మనిషి ఎదుటివారి వ్రేళ్ళను లెక్కించును. ఇంటిల్లిపాది సంతోషింతురు. వైద్యుడు సంభావన గైకొని మరియొక ఊరికి పోవును. ఆ కటకము కంటిలో ఉండి వాపు పుట్టించుట, లోపలి ఒత్తిడి పెంచుట పిమ్మటి వారములలోను, మాసములలోను జరుగు పని. అప్పటికి చూచుటకు వైద్యుడు ఊరిలో లేడు.

ఫ్రాన్సు దేశమున జాక్ డేవియల్ అను శస్త్రవైద్యుడు 1740 దశకమున కటకమును వెలికి తీయు పద్ధతిని ప్రారంభించెను. అది మన దేశమునకు వచ్చిన పిమ్మటను ఊరూర తిరుగు శలాక వైద్యులు చిరకాలము కొనసాగిరి. గోదావరి మండలము నాడు మదరాసు రాజధానిలోనిది. మదరాసు నగరమున 1819లో స్థాపితమైన కంటి ఆసుపత్రికి ఇరువదవ శతాబ్దము తొలి దశాబ్దమున అధికారిగ నుండిన రాబర్టు హెన్రీ ఎలియట్ అను వైద్యుడు ఈ శలాక చికిత్స పొందిన కన్నులను శ్రద్ధతో పరీక్షించి, వాని వివరములను కూర్చెను. 1917లో లండనులోని రాయల్ కాలేజి ఆఫ్ సర్జన్సులో దానిపై ఉపన్యసించి గ్రంథముగ ప్రకటించెను. చెడిన కన్నుల సంఖ్య చూచిన పాఠకునకు భయము కలుగును.

ఇచ్చట ఒక చిక్కు కలదు. ఆసుపత్రికి నడచి వచ్చినది ఎవరు? కన్ను చెడినవారు. బాగుపడినవారు ఇంటనే యుండిరి; వారు మదరాసు పోవలసిన అగత్యమేమి? కావున ఆసుపత్రిలో కూర్చుండి శలాక వైద్యుని పనిని కొలిచినచో అది ఉన్నదానికంటె చెడ్డదిగ కనబడును. ఇదే తర్కమును త్రిప్పి చూడుడు. ఆసుపత్రి తన పనిని తాను కొలుచుకొనునపుడు కట్టు విప్పిన దినమున రోగికి ఎంత కనబడినదో వ్రాసికొనును. ఆ పిమ్మట చెడిన కన్ను, అలసియో, ఆశ వదులుకొనియో, దారిఖర్చునకు లేకయో, మరల రాదు. కావున ఆసుపత్రి పని ఉన్నదానికంటె మంచిదిగ కనబడును. ఇద్దరి లెక్కయు ఒక గుమ్మము కడ నిలిచి చేసినదే. నిజము తెలియవలెనన్నచో ఇంటి గుమ్మమునకు పోవలెను.

పోయినవారు కొలిచినదేమో చెప్పుటకు ముందు కొలబద్దను గూర్చి ఒక మాట. 1862లో హాలండు దేశపు వైద్యుడు హెర్మన్ స్నెల్లెన్ అక్షరముల పట్టికను తయారుచేసెను. మామూలు కన్ను 60 మీటర్ల దూరమునుండి పోల్చగల అక్షరమును ఒక మనిషి 6 మీటర్లకు వచ్చినగాని పోల్చలేకున్నచో అతని చూపు 6/60. చదువు రానివారికి అక్షరములకు బదులుగ మూడు కాళ్ళ గుర్తును అటునిటు త్రిప్పి చూపి, కాళ్ళు ఏ దిక్కునకున్నవో చేతితో చూపుమందురు. 6/60 గీటునకు దిగువనున్నవారిని అంధులుగ లెక్కించుట మన దేశమున చాలకాలము నడచిన వాడుక.

స్వాతంత్ర్యానంతరము నేత్రశిబిరముల కాలము వచ్చినది. పాఠశాలలలో, సత్రములలో మంచములు వరుసగ వేసి దినమునకు పదులకొలది శుక్లములు తీసిరి. ఆ వైద్యుల శ్రమను తక్కువచేయ మాకు మనసు రాదు. ఉత్తరాంధ్రమున సోంపేటలో పనిచేసిన బెన్ గలిసన్ అను కెనడా మిషనరీ వైద్యుని కృషి నుండి 1963లో ఆ దేశమున ఒక అంతర్జాతీయ నేత్రసేవా సంస్థయే పుట్టినది. అయితే శిబిరములలో లెక్కింపబడినది తీసిన శుక్లముల సంఖ్య. కటకము మొత్తముగ తీసివేసిన కంటికి సుమారు పది డయాప్టర్ల దళసరి అద్దము లేనిదే చూపు నిలువదు. మనవారు సోడాబుడ్డి అద్దాలని చెప్పుకొనునవి అవియే. అది పగిలిన నాడు, పొలముగట్టున పడిపోయిన నాడు, శస్త్రము జయప్రదమైనదని ఎక్కడనో వ్రాయబడియున్న ఆ ముసలివాడు మరల గ్రుడ్డివాడే. 1971–74 నాటి సర్వేలో దేశజనాభాలో 1.38 శాతము అంధులని తేలినది. 1976లో జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమము ఆరంభమైనది. 1986–89 సర్వేలో అదే అంకె 1.49. ఇన్ని శస్త్రములు జరిగినను అంకె దిగలేదు. ముసలివారి సంఖ్య పెరుగుట ఒక కారణము కావచ్చును. కాని చేసిన పని ఏమైనదో చూచుకొనకపోవుటయు ఒకటి కాక పోదు.

హైదరాబాదులోని ఎల్. వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1987లో పని ప్రారంభించినది. దాని వ్యవస్థాపకులు డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు. భూమిని, ధనమును ఇచ్చి తన పేరు నిలుపుకొన్నవారు చలనచిత్ర దర్శకులు అక్కినేని లక్ష్మీవరప్రసాదరావుగారు. ప్రసాదుగారు 1908లో ఏలూరు సమీపమున సోమవరప్పాడులో జన్మించిరి. జీవితమంతయు జనుల కన్నులకు బొమ్మలు చూపిన గోదావరి సీమ బిడ్డ, చివరకు ఆ కన్నులకే ఆస్తి వ్రాసినాడని చెప్పుకొనుట మాకు ఇష్టము.

ఆ సంస్థవారు, ముఖ్యముగ డాక్టరు లలిత్ దండోనా, డాక్టరు రాఖీ దండోనా, 1996 అక్టోబరు నుండి 2000 ఫిబ్రవరి వరకు ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనమును నడపిరి. నాలుగు సీమలను ఎన్నుకొనిరి: నగరమునకు హైదరాబాదు, బీద పల్లెలకు అదిలాబాదు, మహబూబునగరు జిల్లాలు, కలిగిన పల్లెలకు పశ్చిమ గోదావరి. నాటి పశ్చిమ గోదావరి అనగా ఏలూరు, భీమవరము, తణుకు అన్నియు కలిసిన పెద్ద జిల్లా. 2022లో అది విభజింపబడినది. కాలువ నీరు, రెండు పంటలు, ఊరూర బడి గల సీమలో కన్నులెట్లున్నవో, వానకై ఎదురుచూచు సీమలో ఎట్లున్నవో ప్రక్క ప్రక్కన పెట్టి చూడవలెనని వారి తలంపు.

ఈ పనిలోని కొత్తదనమంతయు మనుషులను ఎన్నుకొను తీరులో నున్నది. కన్ను నొప్పియని వచ్చినవారిని చూచుట కాదు. నాలుగు సీమలలో 94 చోటులను చీట్లు తీసినట్లు, ఎవరి ఇష్టానిష్టములకు తావులేకుండ ఎన్నుకొని, అచ్చటి యిండ్లలో చంటిబిడ్డ మొదలు ముదుసలి వరకు అర్హులైన 11,786 మంది పేర్లు వ్రాసిరి. ఆ పిమ్మట పేరు వ్రాసినవారందరిని రప్పించుటకు పాటుపడిరి. ఇది చెప్పినంత సులభము కాదు. నాట్లు పడుచున్న దినములలో పొలము విడిచి కన్ను చూపించుకొనుటకు ఎవరు వచ్చెదరు? నాకు బాగుగనే కనబడుచున్నది, నన్నెందుకు పిలిచెదరని అడుగువాడు ఉండనే యుండును. కాని అతడును రావలెను. బాగున్నవాడు లెక్కలోనికి రానిచో చెడినవారి పాలు తేలదు. కదలలేనివారిని ఇంటికే పోయి చూచిరి. చివరకు 10,293 మంది, అనగా నూటికి 87.3 మంది పరీక్షకు లోబడిరి. దూరపు చూపు, దగ్గర చూపు, అద్దముతో చూపు, కంటిలోని ఒత్తిడి, కటకపు మసక, కనుపాపను విప్పార్చి లోపలి పొర, అవసరమైనవారికి ప్రక్క చూపు కూడ కొలిచిరి. ప్రక్క చూపు ముఖ్యము. నీటికాసుల వ్యాధిలో ఎదుటి అక్షరము చక్కగ కనబడుచుండగనే చుట్టును చీకటి క్రమ్ముకొనును. పట్టిక ఒక్కదానినే నమ్మినచో ఆ రోగి లెక్కకు రాడు.

ఫలితములు 2001లో ప్రకటితమైనవి. వయస్సు, స్త్రీ పురుష భేదము, పల్లె పట్టణ భేదము సవరించి చూడగ నూటికి 1.84 మంది అంధులు. నాటి రాష్ట్ర జనాభాకు అన్వయించినచో సుమారు 14 లక్షలు. ఈ అంధత్వములో 44 శాతము శుక్లము వలన, 16.3 శాతము కేవలము దృష్టిదోషము వలన కలిగినవి. రెండవ అంకెను శ్రోతలు మరియొకమారు తలచుకొనవలెను. అంధులలో సుమారు ఆరుగురికి ఒకరు శస్త్రముతో కాదు, మందుతో కాదు, సరియైన కళ్ళద్దముతో చూడదగినవారు. మరి 19 శాతము నివారింపదగిన కార్నియా వ్యాధులు, నీటికాసులు, చిన్ననాడు కన్ను మందగించుట, శుక్ల శస్త్రమున కలిగిన ఉపద్రవములు అనువానివలన వచ్చినవి. బీదలలో, పల్లెలలో, స్త్రీలలో అంధత్వము అధికము. ఇంటి యజమాని కన్నునకు దొరకిన బండిఖర్చు ఇల్లాలి కన్నునకు దొరకలేదని దీనిని మేము అర్థము చేసికొనుచున్నాము. వేరు విధముగ అర్థము చేసికొనుటకు మాకు మార్గము కనబడదు.

శస్త్ర ఉపద్రవములు అను మాట అంధత్వ కారణముల పట్టికలోనికి ఎక్కుటయే ఈ అధ్యయనము చేసిన పెద్ద మేలు. హైదరాబాదు భాగమున అంతకు పూర్వమే శుక్ల శస్త్రము చేయించుకొనియున్న కన్నులను విడిగ పరిశీలింపగ, వానిలో సుమారు ఐదింట ఒకటి 6/60 గీటునకు దిగువనే యున్నది. ఇవి ఏ ఒక్క ఆసుపత్రిలోనో చేసినవి కావు; వేరువేరు కాలములలో, వేరువేరు చేతులలో జరిగినవి. ఇంటి గుమ్మము కడ నిలిచినందుననే అవి కనబడినవి. 1998లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఒక ప్రమాణము ఏర్పరచిరి: శస్త్రము పొందిన కన్నులలో నూటికి 80 అయినను రోగి వాడుకొనుచున్న అద్దముతో 6/18 చూడవలెను, 6/60 చూడలేనివి 5కు మించరాదు. నూటికి ఐదెక్కడ, ఐదింట ఒకటి యెక్కడ!

ఈ అంతరము తగ్గుటకు తోడ్పడినది మరియొక కొలత. 1949 నవంబరు 29న లండనులో హెరాల్డు రిడ్లే అను వైద్యుడు తీసిన శుక్లము స్థానమున ప్లాస్టిక్ కటకమును అమర్చు పనికి పూనుకొనెను. మహత్తరమైన కార్యమే, కాని కటకపు శక్తి లెక్క తప్పి రోగికి తీవ్రమైన హ్రస్వదృష్టి ప్రాప్తించినది. ఎంత శక్తి గల కటకము కావలెనో ముందే చెప్పు సూత్రములు 1967లో సోవియట్ వైద్యుడు ఫ్యోదరొవ్ మొదలుకొని వచ్చినవి. 1980లో ముగ్గురు అమెరికా వైద్యులు ఇచ్చిన సూత్రము కూడిక తీసివేతలు తెలిసినవారికెల్ల అర్థమగును. కటకపు తయారీనిబట్టి ఒక స్థిరసంఖ్య యుండును, 118.4 అనుకొందము. దాని నుండి కనుగ్రుడ్డు పొడవును మిల్లీమీటర్లలో తీసికొని రెండున్నర రెట్లు తీసివేయవలెను. కార్నియా శక్తిలో పదింట తొమ్మిది పాళ్ళు తీసివేయవలెను. పొడవు 23.5 మిల్లీమీటర్లు, కార్నియా శక్తి 44 అయినచో మిగులునది సుమారు 20. అదే కావలసిన కటకము. పొడవు కొలుచుటలో ఒక్క మిల్లీమీటరు తప్పినచో రెండున్నర డయాప్టర్ల తప్పు. ఆ తప్పు ఆ మనిషి కంటిలో జీవితాంతము కూర్చుండును. శస్త్రమునకు ముందు కంటికి యంత్రము ఆనించి కొలతలు తీసికొనునపుడు విసుగుకొను పెద్దలకు ఈ లెక్క చెప్పవలెను.

అయినను సూత్రము చెప్పునది కటకమును గూర్చియే. మసక వెనుక రెటీనా ఎట్లున్నదో, నరము బ్రతికియున్నదో లేదో అది చెప్పదు. అందులకే వైద్యుడు చీకటి గదిలో దీపమును నాలుగు దిక్కులనుండి చూపి వెలుతురు ఎటునుండి వచ్చుచున్నదని అడుగును. కనుపాప ముడుచుకొను తీరును పరికించును. సుశ్రుతుని వడపోతకు ఇది మనుమడి వంటిది.

అధ్యయనమునకు పిమ్మట దేశము ఏ స్థితిలో నున్నది? 2001లో ఈ పరిశోధకులే ఒక అంచనా వేసిరి: పోకడ మారనిచో 2000లో 1.87 కోట్లుగ నున్న అంధులు 2020 నాటికి 3.16 కోట్లగుదురని. 2015–19 జాతీయ సర్వేలో అంధత్వము నూటికి 0.36 అని తేలినది. ఈ రెండు అంకెలను చూచి చప్పట్లు కొట్టుటకు ముందు ఒక సంగతి గమనింపవలెను. 2017లో మన దేశమున అంధత్వపు గీటును 6/60 నుండి 3/60కి మార్చిరి. ధవళేశ్వరము కొలబద్దను జరిపి వరద తగ్గినదనుట చెల్లదు గదా. నిజముగ తగ్గినదియు కలదు. శస్త్రములు పెరిగినవి, కంటిలోని కటకము దాదాపు అందరికిని అందినది. కాని అదే సర్వేలో 50 సంవత్సరములు దాటినవారి అంధత్వమునకు 66.2 శాతము శుక్లము కారణము కాగా, 7.2 శాతమునకు శుక్ల శస్త్రపు ఉపద్రవములే కారణమని వచ్చినది.

అక్షరముల పట్టిక చెప్పలేని దానిని రోగినే అడుగవలెనని కూడ ఈ కాలముననే తోచినది. 2003లో హైదరాబాదు సంస్థవారు చూపు మందగించిన బడిపిల్లల కొఱకు 19 ప్రశ్నల పట్టిక కూర్చిరి. 2005లో ఢిల్లీ, హైదరాబాదు, మదురై వైద్యులు కలిసి పెద్దలకు 33 ప్రశ్నలు సిద్ధపరచిరి. నడక, ఇంటిపని, ఎండలో కన్ను చెదరుట, నలుగురిలోనికి పోవుటకు జంకు — ఇట్టివి అందలి విషయములు. సూదిలో దారము, బియ్యములో రాయి కొలతకు ఎక్కుటకు ఇంత కాలము పట్టినది.

2012 నుండి 2016 వరకు పరిశోధకులు మూడు పల్లె సీమలకును మరల వచ్చిరి. తొలిసారి చూచిన 7,771 మందిని, పశ్చిమ గోదావరివారితో సహా, పేరు పేరున వెదకిరి. నడుమ సగటున పదునైదేండ్లు గడచినవి. బిడ్డలుగ పరీక్షింపబడినవారు బిడ్డల తల్లులై యుండిరి. నాడు మసక లేని కన్నులకు నేడు మసక వచ్చియుండెను. కొందరు ఊరు విడిచి పోయిరి, కొందరు గతించిరి. గతించినవారిని గూర్చియు అడిగి వ్రాసికొనిరి. అంతకు పూర్వము 2009–10లో వచ్చినప్పుడే ఈ లెక్క తీయగ, తొలి పరీక్షనాడు అంధులుగ నుండినవారిలోను, శుక్లమున్నవారిలోను మరణములు ఇతరులకంటె అధికమని తేలియుండెను. కన్ను పోయినవాడు కాలువగట్టున జారిపడుటయో, మందు వేళకు వేసికొనకపోవుటయో, లేక కంటిని ముదిమికి తెచ్చిన లోపమే దేహమును కూడ ముదిమికి తెచ్చుటయో, కారణమును ఆ పట్టికలు విడదీసి చెప్పలేదు. ఎవరింట ఎవరు మిగిలిరో మాత్రము ఇంటి నంబరుతో సహా వ్రాసియున్నది.